పొడి చిన్నదైన కొద్దీ
పారిశ్రామికవాడ పుట్టుపూర్వోత్తరాలు – 14వ భాగం

కిష్టారెడ్డిపేట మీదుగా బొల్లారం వైపు పోయే లారీల్లో సిలిండర్ల లారీలు కూడా ఉంటాయి. సిలిండర్లు ఎర్రగా ఉంటే లోపల ఉన్నది హైడ్రోజన్. ఆ గ్యాసుకు ఎరుపు వేయాలన్నది మన దేశపు నిబంధన. ఒక్కో సిలిండరు ఇనుమే యాభై కిలోలు దాటుతుంది, లోపలి గ్యాసు మాత్రం కిలో కూడా తూగదు. అంటే లారీ మోసుకుపోయేదంతా ఇనుమే అనుకోవాలి.

పోయిన భాగంలో 1970 నాటి పేటెంటు చట్టం దాకా వచ్చాం. మందుకు కాకుండా మందు తయారీ పద్ధతికే పేటెంటు అన్న ఆ చట్టం 1972లో అమలైంది. బాలానగర్‌లోని ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్‌లో పని నేర్చిన కెమిస్టులు ఒక్కొక్కరే బయటికొచ్చి సొంతంగా రియాక్టర్లు పెట్టుకున్నారు. ఐడీపీఎల్‌లో పనిచేసిన అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టడం ఆ వరసలో అందరికీ తెలిసిన ఘట్టం. 1980లో ఇందిరాగాంధీ మెదక్ ఎంపీ కావడంతో పటాన్‌చెరు, బొల్లారం పేర్లు ఢిల్లీ దాకా వినబడ్డాయి. ఈ భాగంలో మనుషుల్ని కాస్త పక్కన పెట్టి, ఆ ఫ్యాక్టరీల మూల ఉండే ఒక గదిలోకి వెళ్దాం.

దాన్ని హైడ్రోజనేషన్ బ్లాకు అంటారు. మిగతా ప్లాంటుకు దూరంగా, ఓ చివర ఉంటుంది. పైకప్పు కావాలనే తేలిగ్గా వేస్తారు. పేలుడు జరిగితే ఒత్తిడి గోడల్ని కూల్చకుండా పైకి పోవాలని. లోపల మందపాటి స్టీలు ఆటోక్లేవు. అందులో మిథనాల్‌లో కరిగించిన ముడిసరుకు, దానితో పాటు నల్లటి తడిపొడి కాస్త. ఆ నల్లపొడినే షిఫ్టులో అందరూ పీడీ కార్బన్ అంటారు. బొగ్గుపొడి మీద అయిదు శాతమో పది శాతమో పల్లాడియం అంటించిన సరుకు అది. ముందు నైట్రోజన్‌తో గాలినంతా తరిమేస్తారు, తర్వాత హైడ్రోజన్ వదులుతారు. లోపల రెక్కలు తిరుగుతుంటే ప్రెజర్ గేజి ముల్లు మెల్లగా దిగుతుంటుంది. దిగినప్పుడల్లా మళ్లీ గ్యాసు ఎక్కిస్తారు. ఎంతసేపు చూసినా ముల్లు కదలడం లేదంటే రియాక్షన్ అయిపోయినట్టే. శాంపిల్ తీసి క్యూసీకి పంపుతారు.

అంతకుముందు ఈ పనే ఇనుప రజనుతో, ఆమ్లంతో చేసేవారు. ఫ్రాన్సులో ఆంత్వాన్ బెషాం 1854లో చూపిన దారి అది. నైట్రో గుంపును అమీన్‌గా మార్చడానికి ఇనుమును బలిపెట్టడం. చవకే, కానీ ప్రతి బ్యాచికీ గుట్టగా ఇనుప బురద మిగిలేది. పీడీ కార్బన్‌తో ఆ బురద లేదు, మిగిలేది నీళ్లే. అయితే ఖర్చయిపోయిన పీడీ కార్బన్‌ను వడగట్టేటప్పుడు ఆపరేటరు తీసుకునే జాగ్రత్త చూడాలి. ఫిల్టరు మీద నల్లటి కేకును ఒక్క క్షణం కూడా ఆరనివ్వడు. నైట్రోజన్ కిందే వడగట్టి, నీళ్లు పోసి, తడిగానే డ్రమ్ములోకి తోస్తాడు. ఆరితే దానంతటదే అంటుకుంటుంది. పక్కనే మిథనాల్ ఆవిరి ఉంటే ఇక చెప్పక్కర్లేదు. కొత్త సరుకు కూడా అందుకే సగం బరువు నీళ్లతో తడిపి వస్తుంది.

బొగ్గుపొడికి ఎందుకంత కోపం? కోపం బొగ్గుది కాదు. వాడేసిన పల్లాడియం రేణువుల లోపలా, పైనా హైడ్రోజన్ ఇంకా కూర్చునే ఉంటుంది. గాలి తగిలితే ఆక్సిజన్‌తో కలిసి వేడెక్కుతుంది. లోహం గ్యాసును దాచుకుంటుందన్న సంగతి ఇక్కడి షిఫ్టు మనుషులకు చేతికి తగిలిన పాఠం. ఆ రేణువుల సైజు కొన్ని నానోమీటర్లు. నానోమీటరు అంటే మిల్లీమీటరులో పది లక్షల వంతు. లోహపు రేణువు చిన్నదైతే హైడ్రోజన్ నిల్వ ఎలా మారుతుందని ప్రపంచమంతా పరిశోధనలు చేస్తుంటే, ఆ రేణువులు బొల్లారంలో డ్రమ్ముల్లో, రశీదుతో సహా, ఏళ్లుగా వచ్చిపోతూనే ఉన్నాయి.

లోహం హైడ్రోజన్‌ను మింగుతుందని మొదట లెక్కగట్టి చెప్పినవాడు స్కాట్లండు వాడు థామస్ గ్రాహం. 1866లో, లండన్‌లో. అప్పటికి ఆయన ఇంగ్లండు టంకశాల అధిపతి, ఒకప్పుడు న్యూటన్ చేసిన ఉద్యోగమే. పల్లాడియం తన పరిమాణానికి సుమారు 900 రెట్ల హైడ్రోజన్‌ను లోపలికి తీసుకుంటుందని తేల్చాడు. హైడ్రోజన్ కూడా ఒక లోహమేనని, పల్లాడియంతో మిశ్రలోహం కట్టిందని ఆయన నమ్మకం. చేతిలో టంకశాల ఉండగా ఊరుకుంటాడా? హైడ్రోజన్ నింపిన పల్లాడియంతో 1869లో చిన్న పతకాలు కొట్టించి మిత్రులకు పంచాడు. అదే ఏడాది పోయాడు. ఆయన నమ్మకం నిలవలేదు గానీ కొలత నిలిచింది.

జరిగేది ఇదీ. హైడ్రోజన్ అణువులో రెండు పరమాణువులు జంటగా ఉంటాయి. పల్లాడియం ఉపరితలం తాకగానే జంట విడిపోతుంది. విడిపోయిన పరమాణువులు లోహపు పరమాణువుల మధ్య సందుల్లోకి దూరుతాయి. మొదట అక్కడొకటి ఇక్కడొకటిగా కొద్దిగానే చేరతాయి. ఒత్తిడి ఒక గీత దాటగానే మాత్రం ఒక్కసారిగా నిండిపోతాయి, పది పల్లాడియం పరమాణువులకు ఆరేడు హైడ్రోజన్ పరమాణువుల లెక్కన. లోహం ఉబ్బి పరిమాణం పది శాతం పైన పెరుగుతుంది. ఆ రెండో దశనే హైడ్రైడ్ అంటారు. నిల్వ అంటే ఆ గీత దాటించడం, వాడకం అంటే గీత కిందికి దించడం.

మరి పల్లాడియం ముక్కను చిన్నది చేస్తూ పోతే? 1975లో స్టాన్‌ఫర్డ్‌లో మిషెల్ బుదార్, హ్వాంగ్ ఈ ప్రశ్నకు కొలిచి జవాబిచ్చారు. రేణువులు చిన్నవయ్యే కొద్దీ, ఒక్కో పల్లాడియం పరమాణువుకు లోపల దాగే హైడ్రోజన్ తగ్గింది. వినడానికి వింతగా ఉంటుంది గానీ లెక్క సులువే. అయిదు నానోమీటర్ల రేణువులో సుమారు నాలుగో వంతు పరమాణువులు పై పొరలోనే ఉంటాయి, రెండు నానోమీటర్లకు దిగితే సగానికి పైగా. పై పొరకు వేరే చట్టం. హైడ్రోజన్ అక్కడ గట్టిగా అంటుకుంటుంది, లోపలి సందుల్లోకి దూరినట్టు దూరదు. లోపలే లేని రేణువుకు లోపలి నిల్వ ఎక్కడిది? గీత కూడా చెదిరిపోతుంది. పెద్ద ముక్కలో నిట్టనిలువుగా కనిపించే మార్పు రేణువుల గుంపులో ఏటవాలుగా మారుతుంది. 2014లో అదే స్టాన్‌ఫర్డ్‌లో జెన్నిఫర్ డియోన్ బృందం ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పల్లాడియం నానో ఘనాలను ఒక్కొక్కదాన్ని విడిగా చూసింది. ఒంటరి రేణువు ఇప్పటికీ తటాలునే మారుతోంది, కానీ ఏ ఒత్తిడి దగ్గర మారుతుందన్నది దాని సైజును బట్టి ఉంది. గుంపులో కనిపించిన ఏటవాలులో కొంత భాగం రకరకాల సైజుల కలగాపులగమే.

మందుల తయారీకి ఇది నష్టం కాదు. అక్కడ కావలసింది నిల్వ కాదు, జంటను విడగొట్టే ఉపరితలం. అందుకే పీడీ కార్బన్ చేసేవాళ్లు రేణువుల్ని వీలైనంత చిన్నవి చేస్తారు. బండికి ఇంధనంగా హైడ్రోజన్ దాచాలనుకునేవాడి లెక్క వేరు. పైగా పల్లాడియం ధర వింటే ఆ బండి ఆలోచన అక్కడే ఆగిపోతుంది.

చవక లోహాల వేట 1960ల చివర మొదలైంది. అమెరికాలో బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో రైలీ, విస్వాల్ 1968లో మెగ్నీషియం–నికెల్‌ను, 1974లో ఇనుము–టైటానియంను పరీక్షకు పెట్టారు. ఈ మధ్యలో హాలండు ఫిలిప్స్ కంపెనీలో అయస్కాంతాల మీద పనిచేస్తుంటే లాంథనం–నికెల్ మిశ్రలోహం మామూలు గది వేడిలోనే, రెండు వాతావరణాల ఒత్తిడికే హైడ్రోజన్‌ను తీసుకుని, మళ్లీ వదిలేయడం బయటపడింది. ఇదే కుటుంబం తర్వాత నికెల్ మెటల్ హైడ్రైడ్ బ్యాటరీగా టయోటా ప్రియస్ కారు దాకా వెళ్లింది. నిల్వ మాత్రం బరువులో 1.4 శాతమే. హైడ్రోజన్ దిగినప్పుడల్లా ఆ లోహం పాతిక శాతం దాకా ఉబ్బి, పోయినప్పుడల్లా కుంచించుకుని, కొన్ని విడతలకే పగిలి సన్నని పొడి అవుతుంది. సైజును తగ్గించే పనికి ఇక్కడ మనిషి అక్కర్లేకపోయింది. ఇంజినీర్లకు అదే తలనొప్పి కూడా. పొడి ట్యాంకు అడుగుకు చేరి, ఉబ్బినప్పుడు గోడల్ని నెడుతుంది.

ఇక మెగ్నీషియం. ఈ కథలో అందరినీ ఊరించింది ఇదే. బరువులో 7.6 శాతం హైడ్రోజన్ పడుతుంది. లీటరుకు 110 గ్రాములు. సున్నాకు దిగువన 253 డిగ్రీలకు చల్లబరిచి ద్రవంగా మార్చిన హైడ్రోజన్ కూడా లీటరుకు 71 గ్రాములే. గది వేడిలో ఉన్న బూడిదరంగు పొడిలో ద్రవంలో కంటే ఎక్కువ గ్యాసు! లోహమూ చవకే. మరి అడ్డేమిటి?

అడ్డంకులు రెండు. ఈ రెండింటినీ కలిపేసి రాసే వ్యాసాలే ఎక్కువ, అక్కడే చాలామంది దారి తప్పుతారు. మొదటిది వేగం. 1951లో జర్మనీలో వీబర్గ్ బృందం మెగ్నీషియంను నేరుగా హైడ్రోజన్‌తో కలపడానికి 570 డిగ్రీల వేడి, 200 వాతావరణాల ఒత్తిడి వాడింది. మెగ్నీషియం పైన ఎప్పుడూ ఆక్సైడు పొర ఉంటుంది, ఉపరితలం హైడ్రోజన్ జంటను సులువుగా విడగొట్టదు. ఎలాగో లోపలికి దిగినా, బయటి పొర హైడ్రైడ్‌గా మారి లోపలికి పోయే దారి మూసేస్తుంది. రెండోది వేడి గడప. మెగ్నీషియం హైడ్రోజన్‌ను ఎంత గట్టిగా పట్టుకుంటుందంటే, ఒక వాతావరణపు ఒత్తిడిలో దాన్ని విడిపించాలంటే సుమారు 280 డిగ్రీలు కావాలి. ఎంత ఓపికగా కూర్చున్నా అంతకంటే తక్కువలో ఆ ఒత్తిడి రాదు.

దుంగ అంటుకోవడానికి ఎంతసేపు, చిదుగులకు ఎంతసేపు? సైజు తగ్గించడం మొదటి అడ్డానికి సరిగ్గా అలాంటి మందు. యాభై మైక్రోమీటర్ల మెగ్నీషియం పొడి ఒక గ్రాము తీసుకుంటే ఉపరితలం 0.07 చదరపు మీటర్లు. అదే గ్రాము అయిదు నానోమీటర్ల రేణువులైతే సుమారు 690 చదరపు మీటర్లు. లోపలికి ఇంకే సమయం దూరం వర్గాన్ని బట్టి ఉంటుంది. రేణువు వెయ్యి రెట్లు చిన్నదైతే సమయం పది లక్షల రెట్లు తగ్గుతుంది. 

చిన్నది చేయడం ఎలా? ఇక్కడ మన ప్రాంతానికి దగ్గరి బంధువైన విద్య ఒకటి వచ్చింది: బాల్ మిల్లు. 1966 ప్రాంతంలో అమెరికాలో ఇన్‌కో కంపెనీలో జాన్ బెంజమిన్ జెట్ ఇంజిన్ల లోహాల కోసం స్టీలు బంతులతో పొడుల్ని గంటల తరబడి దంచి, కరిగించకుండానే మిశ్రలోహం చేశాడు. బంతి పడినప్పుడల్లా రేణువు అణిగి, అతుక్కుని, మళ్లీ పగులుతుంది. ఈ విద్యను శాస్త్రంగా కూర్చినవారిలో తెలుగు పేర్లు ముందువరసలో ఉన్నాయి. చల్లపల్లి సూర్యనారాయణ 2001లో రాసిన 184 పేజీల సమీక్షా వ్యాసం లేకుండా ఈ రంగంలో థీసిస్ మొదలుకాదంటే అతిశయోక్తి కాదు. అంతకుముందే 1998లో బి.ఎస్. మూర్తి, ఎస్. రంగనాథన్ కలిసి మరో సమీక్ష రాశారు. ఆ మూర్తిగారే 2007లో భట్నాగర్ పురస్కారం అందుకుని, 2019లో ఐఐటీ హైదరాబాద్ సంచాలకుడిగా మన జిల్లాకు వచ్చారు. ఆ ఐఐటీ 2008లో ఎద్దుమైలారం ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ ఆవరణలో తాత్కాలికంగా మొదలై, తర్వాత కందికి మారిన సంగతి ఇక్కడివాళ్లకు తెలిసిందే. నగరానికి అవతలి పక్క బాలాపూర్‌లో ఏఆర్‌సీఐ అనే పరిశోధన కేంద్రం ఉంది. లోహపు పొడులే దాని పని. బెంజమిన్ మొదలుపెట్టిన పద్ధతిలోనే అక్కడ ఉక్కును మిల్లుల్లో దంచి తయారు చేస్తారు.

1990ల్లో కెనడా మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో జలూస్కా, జలూస్కి, స్ట్రోమ్-ఓల్సెన్ మెగ్నీషియంను ఇలా దంచి హైడ్రోజన్ పట్టే వేగం పెంచారు. 2003లో జర్మనీలో బర్ఖోర్దారియన్, క్లాసెన్, బోర్మాన్ కొద్దిగా నయోబియం ఆక్సైడు కలిపి దంచారు. 300 డిగ్రీల దగ్గర గంటలు పట్టే పని నిమిషాల్లోకి వచ్చింది. అదే ఏడాది జనవరిలో అమెరికా అధ్యక్షుడు బుష్ హైడ్రోజన్ ఇంధనానికి 120 కోట్ల డాలర్లు ప్రకటించాడు. మన దేశంలో 2007లో నానో మిషన్‌కు వెయ్యి కోట్లు. ఎవరి అప్లికేషన్ చూసినా నానోయే. నాకు తోచినంతలో ఆ ఉత్సాహం ఒక సంగతిని మరుగున పడేసింది: దంచి, ఉత్ప్రేరకం కలిపి సాధించింది వేగమే. 280 డిగ్రీల గడప ఉన్న చోటే ఉంది. బాల్ మిల్లులో ఎంత దంచినా రేణువులో గింజ సైజు పది నానోమీటర్ల దాపుకు వచ్చి ఆగుతుంది. ఆ సైజులో లోపలి పరమాణువులే ఎక్కువ, కాబట్టి పట్టు పెద్దగా సడలదు.

పట్టు ఎక్కడ సడలుతుందో 2005లో హాలండు ఉట్రెక్ట్‌లో వాగెమాన్స్, పెట్రా డి యాంగ్ బృందం ప్రయోగం చేయకుండా క్వాంటం లెక్కలతో చూపింది. రేణువు 1.3 నానోమీటర్ల కంటే చిన్నదైతే మెగ్నీషియమూ, దాని హైడ్రైడూ రెండూ బలహీనపడతాయి, కానీ హైడ్రైడ్ ఎక్కువ బలహీనపడుతుంది. ఆ తేడా వల్లే హైడ్రోజన్ తేలిగ్గా వదులుతుంది. 0.9 నానోమీటర్ల హైడ్రైడ్ రేణువుకు లెక్కలో గడప 200 డిగ్రీలు. అక్కడ రేణువు అంటే పట్టుమని పదీ ఇరవై మెగ్నీషియం పరమాణువులు. అంటే సైజు రెండు మెట్ల మీద పనిచేస్తుంది. పెద్ద మెట్టు మీద వేగం, చివరి చిన్న మెట్టు మీద మాత్రమే గడప. మధ్యలో పది నుంచి రెండు నానోమీటర్ల దాకా కష్టం బోలెడు, గడపలో లాభం కొంచెమే.

కష్టం ఎంతంటే చూడండి. అయిదు నానోమీటర్ల మెగ్నీషియం రేణువుకు గాలి తగిలి, చుట్టూ ఒక్క నానోమీటరు మందాన ఆక్సైడు పట్టిందనుకుందాం. లోపల మిగిలేది మూడు నానోమీటర్ల లోహమే, అంటే ఘనపరిమాణంలో 78 శాతం పోయినట్టే. పెద్ద పొడికి అదే పొర లెక్కలోకి రాదు. పోనీ గాలి తగలకుండా ఉంచినా, 300 డిగ్రీల దగ్గర నాలుగు విడతలు హైడ్రోజన్ ఎక్కించి దింపేసరికి రేణువులు ఒకదానితో ఒకటి అతుక్కుని మళ్లీ పెద్దవవుతాయి. దాన్ని ఆపడానికి సన్నరంధ్రాల కార్బన్‌లో రేణువుల్ని బంధించారు కొందరు. 2011లో అమెరికా బర్కిలీ ప్రయోగశాలలో ప్లాస్టిక్ పొరలో, మన అక్రిలిక్ అద్దాల జాతి ప్లాస్టిక్‌లో, నానో మెగ్నీషియంను పొదిగి గాలి తగిలినా చెడకుండా నిలిపారు. అందమైన పని. అయితే కార్బన్ బరువు, ప్లాస్టిక్ బరువు ఎవరి ఖాతాలో వేయాలి? 7.6 శాతం అని మొదలైన అంకె, ఈ తొడుగును కలిపి తూచేసరికి సగానికో అంతకంటే కిందికో దిగుతుంది. ట్యాంకు గోడలు, గొట్టాలు ఇంకా లెక్కించలేదు. పత్రికల్లో వచ్చే శాతాలు చాలావరకు పొడి శాతాలే, ట్యాంకు శాతాలు కావు.

సైజు ఎంత తగ్గించినా తప్పనిది మరొకటి ఉంది, ఉష్ణం. మెగ్నీషియం హైడ్రోజన్‌ను పట్టుకునేటప్పుడు ప్రతి రెండు గ్రాములకూ సుమారు 75 కిలోజౌళ్ల వేడి వదులుతుంది. కారుకు సరిపడా అయిదు కిలోలు నింపాలంటే 187 మెగాజౌళ్లు. పెట్రోలు బంకులో లాగా అయిదు నిమిషాల్లో నింపుతామంటే 600 కిలోవాట్ల పైన వేడిని బయటికి లాగాలి. చిన్న రేణువులు వేగంగా మింగుతాయి కాబట్టి ఆ వేడీ అంత వేగంగానే పుడుతుంది. వదిలేటప్పుడు అదే వేడిని తిరిగి ఇవ్వాలి, అంటే హైడ్రోజన్ ఇచ్చే శక్తిలో దాదాపు మూడో వంతు దాన్ని విడిపించడానికే. అందుకే కార్ల కంపెనీలు 700 వాతావరణాల ఒత్తిడి ట్యాంకుల వైపు వెళ్లాయి. టయోటా మిరాయ్ ట్యాంకుల్లో ఉన్నది మామూలు గ్యాసే, హైడ్రైడ్ కాదు.

హైడ్రైడ్‌కు తగిన చోటు బరువు పట్టింపు లేని చోటు. జర్మనీ 212 తరగతి జలాంతర్గాముల్లో హైడ్రోజన్‌ను హైడ్రైడ్ సిలిండర్లలోనే ఉంచుతారు. నీటిలో మునగాల్సిన ఓడకు బరువు ఎలాగూ కావాలి. నేల మీద అయితే ఫ్యాక్టరీ. 2023 జనవరిలో కేంద్రం 19,744 కోట్లతో హరిత హైడ్రోజన్ మిషన్‌కు ఆమోదం ఇచ్చాక, పగటి సౌరవిద్యుత్తుతో హైడ్రోజన్ తీసి రాత్రికి దాచడం ఎలా అన్న ప్రశ్న ప్రయోగశాల దాటి పరిశ్రమల ముందుకొచ్చింది. మన పారిశ్రామికవాడలో ప్రతి మందుల ఫ్యాక్టరీకీ ఒక బాయిలరు ఉంటుంది. ఏడు బార్ల గేజి ఒత్తిడిలో దాని ఆవిరి 170 డిగ్రీలు. లాంథనం–నికెల్‌కు ఆ ఆవిరి ఎక్కువే, వేడినీళ్లు చాలు. కానీ ఆ లోహం ఖరీదు ఎక్కువ, పట్టేది తక్కువ. మెగ్నీషియం చవక, పట్టేది ఎక్కువ. దానికి 280 కావాలి. ఉట్రెక్ట్ లెక్కలోని 200 కూడా 170కి అందదు. ఆ చివరి ముప్ఫై డిగ్రీలు సైజుతో కాక, వేరే లోహం కలిపి పట్టు సడలించడంతో రావాలి. 1968లో బ్రూక్‌హేవెన్‌లో మెగ్నీషియంలో నికెల్ కలిపింది ఈ పట్టు సడలించడానికే. అప్పుడు గడప దిగింది, నిల్వ కూడా 7.6 నుంచి 3.6 శాతానికి పడింది.

నికెల్ పేరు వచ్చింది కాబట్టి వచ్చే భాగం దాని మీదే. పల్లాడియం కొనలేని చిన్న ఫ్యాక్టరీలకు హైడ్రోజనేషన్ నేర్పిన రానీ నికెల్, దాన్ని 1920ల్లో అమెరికాలో నూనెలు గట్టిపరచడానికి కనిపెట్టిన మర్రే రానీ, నికెల్–అల్యూమినియం బిళ్లను కాస్టిక్ సోడాలో వేస్తే మిగిలే ఆ నల్లటి బురద సంగతి.

(సశేషం)